తమ్ముడికి తొమ్మిది వేల షూ... కొనాలా, వద్దా?

కొత్తగా ఉద్యోగంలో చేరారు. ఇంటర్ చదివే తమ్ముడో, తొమ్మిదో తరగతి చెల్లెలో ఫోన్ చేసి ‘బ్రాండెడ్ షూ కొనిపెట్టవా?’ అని అడిగారు. మొదటి జీతం ఉత్సాహంలో ‘సరే’ అనేయాలనిపిస్తుంది. కానీ చేతికొచ్చేది 25 వేలైతే అందులో 9 వేలు ఒక్క జత షూకి పోవడం చిన్న విషయమేం కాదు. ఖరీదైనవి ఎక్కువ కాలం మన్నుతాయంటారు. పిల్లల కాళ్లకు మంచివని కూడా అంటారు. ఇందులో నిజమెంత? ఎవరికి కొనొచ్చు, ఎవరి విషయంలో కొన్నాళ్లు ఆగొచ్చు? కాస్త లెక్కలేసి చూద్దాం.

‘మంచివి కొంటే మన్నుతాయి’... అందరికీనా?

బ్రిటిష్ రచయిత టెరీ ప్రాచెట్ 1993లో వచ్చిన ‘మెన్ ఎట్ ఆర్మ్స్’ నవలలో ఓ పోలీసు పాత్ర ద్వారా బూట్ల లెక్క ఒకటి చెప్పాడు. 50 డాలర్లు పెట్టగలిగినవాడు ఒక మంచి జత కొని పదేళ్లు వాడతాడు. అంత డబ్బు లేనివాడు 10 డాలర్ల జత కొంటాడు. అవి ఒకటి రెండు సీజన్లకే చిరిగిపోతాయి. మళ్లీ కొంటాడు, మళ్లీ చిరుగుతాయి. చివరికి పేదవాడికే ఎక్కువ ఖర్చవుతుంది. డబ్బు గురించి మాట్లాడుకునే చోట ఈ ‘బూట్ల సిద్ధాంతం’ ఇప్పటికీ వినిపిస్తుంటుంది.

లెక్క కరెక్టే. అయితే అందులో వేసుకునే మనిషి పెద్దవాడు. పదేళ్లయినా అతని కాలి సైజు మారదు. పద్నాలుగేళ్ల కుర్రాడి సంగతి వేరు. షూ అరిగేలోపే కాలు పెరిగిపోతుంది. సోల్ చెక్కుచెదరకపోయినా షూ పనికిరాకుండా పోతుంది. అందుకే టీనేజర్లకు కొనేటప్పుడు ‘ఇది ఎన్నేళ్లు మన్నుతుంది?’ అనే ప్రశ్న కంటే ముందు ‘ఈ సైజు ఎన్ని నెలలు సరిపోతుంది?’ అని అడగాలి.

కాలు ఎప్పటిదాకా పెరుగుతుంది?

చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ (సీఎల్‌ఆర్‌ఐ) 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలోని 79 ప్రాంతాల్లో లక్ష మందికి పైగా పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. అందులో తేలినవాటిలో రెండు విషయాలు మనకు అవసరం. ఒకటి, ఆడపిల్లల్లో పాదం పెరుగుదల 11 ఏళ్ల ప్రాంతంలో పతాక స్థాయికి చేరితే, మగపిల్లల్లో 15, 16 ఏళ్లకు చేరుతోంది. రెండోది, మనవాళ్ల పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కంటే వెడల్పుగా ఉంటాయి.

మొదటి విషయాన్ని మన ఇళ్లకు అన్వయించి చూడండి. పద్నాలుగేళ్ల తమ్ముడికి కాలు ఇంకా జోరుగా పెరుగుతుండొచ్చు. అదే వయసున్న చెల్లెలి పాదం దాదాపు స్థిరపడి ఉంటుంది. అంటే ఒక ఖరీదైన జత కొనగలిగే స్తోమతే ఉంటే, అది ఎక్కువ కాలం పనికొచ్చేది చెల్లెలికి! మన దగ్గర జరిగేది మాత్రం దీనికి రివర్స్. వాడికి స్పోర్ట్స్ షూ, ఆమెకు పల్చటి సోలున్న రెండు వందల చెప్పులు. ఈసారి కొట్టుకి వెళ్లేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి.

రెండో విషయం వల్ల ఓ చిక్కుంది. విదేశీ బ్రాండ్ల ఖరీదైన మోడళ్లలో కొన్ని ముందు భాగంలో సన్నగా ఉంటాయి. పొడవు సరిపోయినా వేళ్ల దగ్గర బిగుతుగా పట్టేస్తాయి. ‘పర్లేదు, వాడేకొద్దీ వదులవుతాయి’ అని సేల్స్‌మన్ అన్నా ఒప్పుకోకండి. అదే మోడల్‌లో ‘వైడ్’ ఉందేమో అడగండి. లేదంటే వేరే మోడల్ చూడండి. ధర ఎంతైనా కరిచే షూ కరిచే షూనే.

రోజుకు ఎంత పడుతోంది?

ఫోన్ కొనేటప్పుడు ఎన్నేళ్లు వాడతామో చూసుకుంటాం కదా. షూకీ అదే చేద్దాం. అనుకుందాం, 9 వేల జత కొన్నారు. తమ్ముడు 200 రోజులు వేసుకునేసరికి సైజు దాటిపోయింది. రోజుకు 45 రూపాయలు పడినట్టు. అదే 200 రోజులకు 2,400 రూపాయల జత అయితే రోజుకు 12 రూపాయలు. ఇప్పుడు కాలు పెరగడం ఆగిన పద్దెనిమిదేళ్ల కుర్రాడిని తీసుకోండి. 9 వేల జతను 600 రోజులు వాడగలిగితే రోజుకు 15 రూపాయలే. పన్నెండుకీ పదిహేనుకీ పెద్ద తేడా ఏముంది? అప్పుడు నచ్చినవి కొనుక్కోవచ్చు. అదే షూ, అదే ధర. మారింది వయసొక్కటే.

పన్ను లెక్క కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి జత ధర 2,500 రూపాయల దాకా ఉంటే జీఎస్టీ 5 శాతం. అంతకు మించితే 18 శాతం. పన్ను కలపకముందు 2,500 ఉన్న జతకు బిల్లు 2,625 అవుతుంది. 2,600 ఉన్న జతకు 3,068 అవుతుంది. ధరలో వంద రూపాయల తేడా, బిల్లులో 443 అయి కూర్చుంటుంది. ఈ గీతకు కాస్త అటూఇటూ ఉన్న రెండు మోడళ్ల మధ్య ఊగిసలాడుతుంటే కింద ఉన్నదాన్నే ముందు వేసి చూడండి.

ఎక్కువ డబ్బు దేనికి వెళ్తుంది?

షూ స్పెసిఫికేషన్లు ఫోన్ కంటే తేలిక. ముఖ్యమైనవి మూడే భాగాలు. నేలను తాకే కింది సోల్ సాధారణంగా రబ్బరు. మధ్యలో మెత్తటి నురుగు పొర, దీన్ని మిడ్‌సోల్ అంటారు. ఎక్కువగా ఈవీఏ లేదా పాలీయురేతేన్‌తో చేస్తారు. పైభాగం తోలో, మెష్ బట్టో. అయిదారు వందల షూలో రబ్బరు బదులు చవక ప్లాస్టిక్ సోల్ రావొచ్చు, తడి నేల మీద జారుతుంది. మడమ చుట్టూ గట్టిదనం ఉండదు. గమ్ము త్వరగా ఊడుతుంది. అక్కడి నుంచి రెండు రెండున్నర వేలకు వస్తే తేడా కాలికే తెలుస్తుంది. ఆ పైన పెట్టే ప్రతి వెయ్యికీ కాలికి దక్కే లాభం తగ్గుతూ వస్తుంది. ఎక్కువ భాగం డిజైన్‌కి, లోగోకి, ప్రకటనల్లో కనిపించే ఆటగాడికి వెళ్తుంది.

మరి ‘ఫస్ట్ కాపీ’లు? లోగో అచ్చం అలాగే ఉంటుంది, లోపలి నురుగు మాత్రం అది కాదు. వీధి చివరి దాకా వేసుకెళ్లడానికి సరే, వాటితో పరుగు పెట్టిస్తే ఆ భారం మోకాళ్ల మీద పడుతుంది. చాలా రకాల పాదరక్షలకు నాణ్యతా ప్రమాణాలు తప్పనిసరి చేస్తూ ఇచ్చిన ఉత్తర్వులు 2024 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కాబట్టి ఐఎస్‌ఐ గుర్తు, దాని కింద లైసెన్స్ నంబరు ఉన్నాయేమో చూడండి. ఆ నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే అసలుదో కాదో అక్కడే తెలిసిపోతుంది.

దాచుకుంటే పాడవుతాయి

‘ఎదిగే పిల్లాడు, రెండు సైజులు పెద్దవి తీసుకుందాం’ అనే మాట మనింట్లో వినని వాళ్లుండరు. బ్రిటిష్ కొలతలో ఒక సైజుకీ మరో సైజుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. రెండు సైజులంటే 17 మిల్లీమీటర్లు. అడుగు వేసినప్పుడల్లా మడమ పైకి లేస్తుంది, ఒరుసుకుని బొబ్బలొస్తాయి. షూ జారకుండా ఉండాలని వేళ్లు బిగపట్టి నడవడం అలవాటవుతుంది. అర సైజు పెద్దవైతే పర్లేదు. అంతకు మించి వద్దు.

‘అప్పుడప్పుడూ వేసుకుని దాచుకో’ అనడం ఇంకో పొరపాటు. పెళ్లికి కొన్న షూని రెండు మూడేళ్ల తర్వాత డబ్బాలోంచి తీస్తే సోల్ పిండిలా రాలిపోవడం చూసే ఉంటారు. గాలిలోని తేమ పాలీయురేతేన్‌ను మెల్లమెల్లగా విడగొట్టేస్తుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్ర తీర ఊళ్లలో తేమ ఎక్కువ కాబట్టి ఈ బాధ మరీ ఎక్కువ. 9 వేలవైనా సరే, బీరువాలో పెడితే ఆయుష్షు పెరగదు.

మన ఎండలకు, చెమటకు సరిపడే పద్ధతి ఇంకొకటుంది. ఒక ఖరీదైన జతకు బదులు రెండు మధ్యస్థమైన జతలు కొని రోజు మార్చి రోజు వేసుకోవడం. పొద్దున ఎనిమిదికి వేసుకుని సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక విప్పే షూ ఒక్క రాత్రిలో పూర్తిగా ఆరదు. ఆ తడిలోనే వాసన, వేళ్ల సందుల్లో ఫంగస్ మొదలవుతాయి. ఒక రోజు విశ్రాంతి ఇస్తే లోపల ఆరుతుంది, నురుగు కూడా కాస్త తేరుకుంటుంది. వానకు తడిస్తే పాత పేపర్లు కుక్కి నీడన ఆరబెట్టండి. మండుటెండలో పెడితే గమ్ము వదులుతుంది.

ఎప్పుడు వెనకాడొద్దు?

కాలేజీకి వేసుకెళ్లడానికైతే పైన చెప్పిన లెక్క చాలు. కొందరికి మాత్రం షూ మీద డబ్బు పెట్టాల్సిందే.

మొదటివాళ్లు, ఫిజికల్ టెస్టులకు సిద్ధమయ్యేవాళ్లు. అగ్నివీర్‌కు పదిహేడున్నర ఏళ్లకే అర్హత వస్తుంది, అందులో 1.6 కి.మీ. పరుగుంది. ఎస్‌ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్‌కైతే మగవాళ్లు 5 కి.మీ. దూరాన్ని 24 నిమిషాల్లో, ఆడవాళ్లు 1.6 కి.మీ. దూరాన్ని ఎనిమిదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. దీనికోసం నెలల తరబడి పరుగెత్తే పిల్లలకు కాన్వాస్ షూ ఇచ్చి సర్దుకోమనడం న్యాయం కాదు. పాదానికి సరిపడే మంచి రన్నింగ్ షూ కొనండి. అయితే రన్నింగ్ షూ నురుగు సాధారణంగా 500 నుంచి 800 కి.మీ. దాకా బాగా పనిచేస్తుందని చెబుతారు. రోజుకు 5 కి.మీ. చొప్పున వారానికి ఆరు రోజులు పరుగెత్తితే నాలుగు నుంచి ఆరు నెలల్లో ఆ దూరం అయిపోతుంది. కాబట్టి ఉన్నదంతా ఒక్క జత మీదే పెట్టకుండా ఏడాదికి రెండు జతలకు బడ్జెట్ వేసుకోండి. ఖరీదైన కార్బన్ ప్లేట్ షూల జోలికి వెళ్లక్కర్లేదు. అవి పెద్ద రేసులు పరుగెత్తేవాళ్లు పోటీ రోజున వేసుకునేవి.

రెండోవాళ్లు, బస్సు కోసం రోజూ రెండు మూడు కిలోమీటర్లు నడిచే పిల్లలు. వీళ్లకు లోగో కంటే మందమైన రబ్బరు సోల్, కుట్టు ఉన్న అంచులు ముఖ్యం.

మూడోవాళ్లు, కాలి నొప్పి ఉన్నవాళ్లు. ఆటలాడే 8 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో ఎదుగుదల వల్ల మడమ నొప్పి రావడం మామూలే. చదును పాదాలున్నా నొప్పి లేకపోతే కంగారు పడక్కర్లేదు. నొప్పి తగ్గకపోయినా, కుంటుతూ నడుస్తున్నా ముందు ఎముకల డాక్టర్‌కు చూపించండి. కొట్లో అంటగట్టే ఖరీదైన ఇన్‌సోల్‌తో వైద్యం మొదలుపెట్టొద్దు.

‘అందరికీ ఉన్నాయి అన్నయ్యా!’

ఇన్ని లెక్కలు చెప్పినా తమ్ముడు వినడు. ఎందుకంటే వాడు లెక్క అడగలేదు. క్లాసులో నలుగురి పక్కన నిలబడినప్పుడు చిన్నబోకూడదని అడిగాడు. ఆ వయసులో అది చిన్న విషయం కాదు, కొట్టిపారేయొద్దు. ‘మా రోజుల్లో హవాయి చెప్పులతోనే...’ అని మొదలుపెడితే వాడు మళ్లీ మీతో మనసు విప్పి మాట్లాడడు.

దానికంటే అంకె చెప్పండి. ‘ఒరేయ్, షూకి రెండున్నర వేలిస్తాను. ఏ బ్రాండ్, ఏ రంగు అనేది నీ ఇష్టం. ఇంకా పైవి కావాలంటే పండక్కి తాతయ్య ఇచ్చిన డబ్బులు కలుపుకో. ఏడాది పాటు సైజు మారకపోతే అప్పుడు నువ్వడిగినవి నేనే కొంటా’ అనండి. బేరం మీదే, నిర్ణయం వాడిది. పెద్ద బ్రాండ్లలో కూడా పాత సీజన్ మోడళ్లు డిస్కౌంట్లలో ఆ ధరకు దొరుకుతాయి. వాడే వెతికి పట్టుకుంటాడు చూడండి. ఇంట్లో ఈఎంఐలు, నాన్న జీతం గురించి కూడా ఒకసారి చెప్పండి. పదిహేనేళ్లవాడికి అర్థమవుతుంది.

ఇది చదువుతున్న మీరే ఆ తమ్ముడో చెల్లెలో అయితే, అడగడంలో తప్పేం లేదు. కానీ అడిగే ముందు మీ పాత షూ సైజు, ఏడాది కిందటి సైజు పక్కపక్కన పెట్టి చూసుకోండి. రెండూ ఒకటే అయితే మీ వాదనకు బలం ఉన్నట్టే.

కొట్లో ఇవి చూడండి

* సాయంత్రం పూట వెళ్లండి. రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది. ఆ సైజే అసలు సైజు.

* పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. సర్‌ప్రైజ్ గిఫ్ట్ కంటే సరైన సైజు ముఖ్యం. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ సదుపాయం ఉందో లేదో చూడండి.

* రోజూ వేసుకునే సాక్సుతోనే వేసి చూడాలి. రెండు పాదాలూ ఒకేలా ఉండవు, పెద్ద పాదానికి సరిపడేవి తీసుకోండి.

* లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి దానిపై నిలబడమనండి. పొడవైన వేలి ముందు సుమారు సెంటీమీటరు ఖాళీ ఉండాలి. పాదం పక్కలకు దాటిపోతే అది ఇరుకని అర్థం.

* షూని రెండు చేతులతో వంచండి. వేళ్లు వంగే చోట వంగాలి. సరిగ్గా మధ్యలో మడత పడితే వద్దు. మడమ భాగాన్ని నొక్కితే లొట్ట పోకూడదు.

* కొన్నాక మూడు నెలలకోసారి ముందు ఖాళీ ఎంతుందో చూడండి. కాలు నొప్పిగా ఉందని పిల్లలు చెప్పేదాకా ఆగొద్దు. కొత్తవి అడిగితే తిడతారనే భయంతో చాలామంది చెప్పరు.