కుండీకి తగిన మన్ను

గేట్ బజార్ వంటి రద్దీ ప్రాంతాలలో అద్దె ఇళ్లకు పెరడు ఉండడం అరుదు. వసారాలోనో మేడమీదనో ఉంచిన ఒక కుండీయే అనేక తెలుగు కుటుంబాలకు తులసికోట. ఒడియావారి ముంగిట తులసి చౌరాకు ఉన్న స్థానమే దీనికీ ఉంది. ఆ మొక్క వాడితే ఇంటికి కీడని కలతపడేవారున్నారు. దోషం ఇంటిది కాదు. చాలసార్లు అది కుండీలోని మట్టిది.

వేళ్లకు నీటితోపాటు గాలీ అవసరం. నేలలో పడిన నీరు లోతుకు ఇంకుతుంది. కుండీలో దానికి అడుగు రంధ్రమే దారి. పునాది గుంట నుండి తెచ్చిన బంకమట్టిని మాత్రమే నింపితే వానాకాలంలో నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేళ్లు నీటిని పీల్చలేవు గనుక ఆకులు వడలుతాయి. అది దాహమని భావించి మరింత నీరు పోస్తే మొక్క దక్కదు.

మట్టిని చేతితోనే పరీక్షించవచ్చు. కొద్దిగా తడిపి పిడికిట ఉండకట్టండి. వేలితో నొక్కగానే విడిపోతే అది తగిన మన్ను. జిగురుగా సాగితే బంక ఎక్కువ. ఉండ కట్టకుంటే ఇసుక ఎక్కువ.

తులసికి రెండు పాళ్లు తోటమట్టి, ఒక పాలు నది ఇసుక, ఒక పాలు బాగా చివికిన ఎరువు కలపండి. పచ్చి పేడ వేళ్లకు హాని చేస్తుంది. గోపాల్‌పూర్ తీరం నుండి తెచ్చిన సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, దానిని వాడరాదు. ఒడిశా పట్టణాలలో తడి చెత్తతో తయారై 'మో ఖతా' పేరిట లభించే ఎరువు ఇందుకు అనుకూలం. కలబందకు ఇసుక పాలు పెంచండి. మనీప్లాంట్‌కు కొంత కొబ్బరిపొట్టు చేర్చండి. కుండీ తేలికగానూ ఉంటుంది.

అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు త్వరగా పోతుందన్నది అపోహ. రంధ్రంపై ఒక పెంకు ముక్క ఉంచితే చాలు; మట్టి జారదు, నీరు ఆగదు.

నీరు పోసిన కొద్ది నిమిషాలలో అడుగు నుండి కారితే మట్టి సరిగా కుదిరినట్లే. పళ్లెంలో చేరిన నీటిని మాత్రం వెంటనే పారబోయండి. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి ఆ కొద్ది నీరే చాలు. మొక్కను కాపాడే జాగ్రత్తయే ఇంటిల్లిపాదినీ, ఇరుగుపొరుగునూ కాపాడుతుంది.