కత్తిపెండ్లి బిడ్డ

మన ఎలవూరు పిల్లలు జానపద కథ చెప్పమంటే, అందులో రాజుగారి చాటుబిడ్డ ఒకడు రానే వస్తాడు. అడవిలో పెరుగుతాడు, మాంత్రికుణ్ణి చంపుతాడు. కడకు పుట్టుమచ్చ చూచి రాజు కౌగిలించుకుంటాడు. అలాంటివాడు నిజంగా ఉన్నాడా అంటే, మనం తంజావూరు ప్రతాపసింహుణ్ణి చూపవచ్చును.

ఈయన మరాఠా రాజు తుక్కోజీ కొడుకే. కాని తల్లి పట్టపురాణి కాదు, కత్తికిచ్చి పెండ్లి చేసిన భార్య. వరుడు రాడు, ఆయన కత్తి వస్తుంది. అలాంటి తల్లి బిడ్డకు గద్దె తగదన్నారు గిట్టనివారు. 1739లో ఆయన ఎక్కనే ఎక్కాడు.

పదేండ్లకు ఇంగ్లీషు కంపెనీవారికి ఈ పుట్టుక పట్టింపు వచ్చింది. పదవి పోయిన శాహజీయే అసలు రాజన్నారు. 1749లో అతని పేర సైన్యం నడిపి, కొల్లిడం సముద్రంలో కలిసేచోటనున్న దేవికోటను పట్టుకున్నారు. ఆ కోట తమకే వదలటానికి ప్రతాపసింహుడు ఒప్పుకోగానే, ఆయనే రాజన్నారు! శాహజీకి భరణం మిగిలింది. మాంత్రికుని ప్రాణం చిలుకలో ఉన్నట్లు, కంపెనీవారి ధర్మం దేవికోటలో ఉన్నది కాబోలు.

ప్రతాపసింహుడు 1763 దాకా ఏలాడు. ముద్దుపళని మన తెలుగులో రాధికా సాంత్వనము రచించినది ఆయన కొలువులోనే. ఆమె తన వంశం చెప్పుకొన్నప్పుడు ఇంటి ఆడవారి పేర్లను సగర్వంగా చెప్పుకొన్నది.