రన్‌వే ఎందుకు కనిపించలేదు?
(వర్చువల్ రియాలిటీ విమానంలో జూమ్ సంగతి)

– పదవ తరగతి విద్యార్థులం

మన హాస్టల్ మేడ మీద బట్టలు ఆరేసుకునేటప్పుడు మీరంతా చూసే ఉంటారు. దుండిగల్ వైమానిక దళ అకాడమీ నుంచి లేచిన శిక్షణ విమానాలు మన మీదుగా పోతుంటాయి. ముందు సన్నటి చప్పుడు వస్తుంది. తర్వాత ఒక చుక్క కనబడుతుంది. ఆ తర్వాత ఆ చుక్కకు రెక్కలు వస్తాయి. అవి 2013లో మన వైమానిక దళంలో చేరిన పిలాటస్ పీసీ-7 రకం విమానాలు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 10 మీటర్లు ఉంటుంది. ఈ 10 మీటర్ల లెక్కను గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

తొమ్మిదో తరగతి తమ్ముడొకడు (పేరు రాయొద్దన్నాడు) ఆ చప్పుడు వినగానే బకెట్ వదిలేసి ఆకాశంలోకి చూస్తాడు. పైలట్ కావాలని వాడి కోరిక. పోయిన వేసవి సెలవులకు ముందు ఒక ఆదివారం, మన హాస్టల్‌లోనే చదివి ఇప్పుడు ఇంజనీరింగ్ చేస్తున్న అన్న ఒకరు లాప్‌టాప్, వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ పట్టుకొచ్చారు. వార్డెన్ సార్ అనుమతితో స్టడీ హాల్లో మనిషికి ఐదు నిమిషాల చొప్పున విమానం నడిపాం. పొద్దున లాప్‌టాప్ తెర మీద నడిపినప్పుడు తమ్ముడికి రన్‌వే చక్కగా కనిపించింది. హెడ్‌సెట్ పెట్టుకున్నాక మాత్రం "అన్నా, రన్‌వే ఏదీ?" అని అడగడం మొదలుపెట్టాడు. అంతా మసక. అన్న జూమ్ బటన్ నొక్కారు. వీడు తల అటూ ఇటూ తిప్పాడు. అంతే, హెడ్‌సెట్ తీసేసి నల్లా దగ్గరికి పరుగెత్తాడు. ఆ మధ్యాహ్నం కోడికూర కూడా ముట్టలేదు. రాత్రి ట్రంకు పెట్టె మీద కూర్చుని "నా కళ్ళు పాడైనాయి, తల కూడా తిరుగుతోంది, ఇక పైలట్‌గా నేనేం పనికొస్తాను" అని ఏడ్చాడు.

మరుసటి వారం ఆసుపత్రిలో కంటి పరీక్ష చేయిస్తే రెండు కళ్ళూ 6/6. మరి తప్పు ఎక్కడుంది? అన్నను ఫోన్లో అడిగి, లెక్కలు వేసుకుని, మేము తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు కంటి సంగతి చూద్దాం. 6/6 అంటే మామూలు కన్ను 6 మీటర్ల నుంచి చదవగల అక్షరాన్ని మనమూ 6 మీటర్ల నుంచే చదివామని. 6/18 అంటే మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని చదవడానికి మనం 6 మీటర్ల దగ్గరకు రావాలని. 6/6 ఉన్న కన్ను, ఒక డిగ్రీలో 60వ వంతు ఎడం ఉన్న రెండు గీతలను విడివిడిగా గుర్తుపడుతుంది. డిగ్రీ అంటే ఎంతో తెలియాలంటే చేయి బారుగా చాచి చిటికెన వేలు చూడండి. ఆ వేలి వెడల్పు సుమారు ఒక డిగ్రీ. అంత మేరలో మన కంటికి 60 గళ్ళు ఉన్నట్టు లెక్క.

హెడ్‌సెట్ లోపల ఏముంటుంది? రెండు చిన్న తెరలు, వాటి ముందు రెండు భూతద్దాలు. తెర మీద బొమ్మ చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. ఆ చుక్కలే పిక్సెల్స్. 2016లో వచ్చిన ఓక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్‌లలో ఒక్కో కంటికి అడ్డంగా 1080, నిలువుగా 1200 పిక్సెల్స్ ఉండేవి. వినడానికి చాలానే అనిపిస్తుంది. కానీ భూతద్దం ఆ 1080 పిక్సెల్స్‌ని సుమారు 100 డిగ్రీల మేర సాగదీస్తుంది. అంటే మన చిటికెన వేలి వెడల్పుకు దక్కేవి పది, పదకొండు. 2020 నాటి క్వెస్ట్ 2లో అవి 20 దాకా వచ్చాయి. 2023 నాటి క్వెస్ట్ 3లో 25. కంటికేమో 60 కావాలి.

కాబట్టి, 6/6 కళ్ళున్నవాడు కూడా 20 పిక్సెల్స్ హెడ్‌సెట్ పెట్టుకోగానే 6/18 కళ్ళవాడైపోతాడు. మొదటి రకాల్లోనైతే దాదాపు 6/36. ఈ ఒక్క వాక్యం మేము తమ్ముడికి మూడుసార్లు చదివి వినిపించాం.

ఇప్పుడు మన పీసీ-7 విమానాన్ని 5 కిలోమీటర్ల దూరంలో పెడదాం. 10 మీటర్ల రెక్క అంత దూరం నుంచి 0.115 డిగ్రీలు ఉంటుంది. 60తో హెచ్చిస్తే దాదాపు 7. అందుకే మేడ మీది నుంచి చూస్తే చుక్కకు రెక్కల పోలిక తెలుస్తుంది. 20తో హెచ్చిస్తే రెండు పిక్సెల్స్ పైచిలుకు. రెండు పిక్సెల్స్‌లో రెక్కలెక్కడ, తోకెక్కడ? విమానం మనవైపు వస్తోందో, పోతోందో చెప్పలేం. రన్‌వే పక్కన పైలట్‌కు దారి చూపే నాలుగు దీపాలు కూడా అంతే. వాటి మధ్య ఎడం 9 మీటర్లే. 5 కిలోమీటర్ల నుంచి చూస్తే ఆ ఎడం సుమారు రెండు పిక్సెల్సే, భూతద్దం మసకలో నాలుగూ కలిసిపోతాయి.

మరి లాప్‌టాప్ తెర మీద ఎందుకు కనిపించింది? పెద్ద కంప్యూటర్ తెరతో లెక్క వేస్తే సులభంగా తెలుస్తుంది. 24 అంగుళాల తెర వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే అది మన చూపులో దాదాపు 48 డిగ్రీలు ఆక్రమిస్తుంది. ఆటలో మాత్రం 90 డిగ్రీల దృశ్యాన్ని అందులో ఇరికిస్తారు, అందుకే అన్నీ సగం కన్నా చిన్నగా కనబడతాయి. జూమ్ నొక్కి దృశ్యాన్ని 48 డిగ్రీలకు కుదిస్తే వస్తువులు అసలు పరిమాణానికి వస్తాయి. 1920 పిక్సెల్స్‌ని 48తో భాగించండి, డిగ్రీకి 40! అంటే మామూలు తెర, ఖరీదైన హెడ్‌సెట్ కన్నా రెండింతలు నయం.

సరే, హెడ్‌సెట్‌లో కూడా అదే జూమ్ పెట్టేస్తే పోలా? పెట్టారు. దానికే తమ్ముడు నల్లా దగ్గరికి పరుగెత్తింది.

జాతరలో కొన్న బొమ్మ దుర్బీను మా దగ్గర ఒకటి ఉంది. దాన్ని కళ్ళకు పెట్టుకుని వరండాలో పది అడుగులు నడిచి చూడండి (పక్కన ఎవరినైనా పట్టుకోమనండి, మాలో ఒకడు స్తంభానికి గుద్దుకున్నాడు). తల కాస్త తిప్పితే ప్రపంచమంతా సర్రున జారిపోతుంది. మూడింతలు పెద్దదిగా చూపే జూమ్‌లో తల 10 డిగ్రీలు తిప్పితే బొమ్మ 30 డిగ్రీలు జరుగుతుంది. మన చెవి లోపల అర్ధవర్తుల కుల్యలు ఉంటాయని జీవశాస్త్రంలో చదువుకున్నాం కదా. తల ఎంత తిరిగిందో మెదడుకు చెప్పేవి అవే. అవి "పది" అంటాయి, కళ్ళు "ముప్పై" అంటాయి. ఈ తగాదాలో నలిగేది కడుపు. బస్సులో పుస్తకం చదివితే వాంతి వచ్చినట్టు ఉండడానికీ ఇదే కారణం. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న మొదటి రోజు నేల ఊగినట్టు ఉండడమూ ఇలాంటిదే. కాబట్టి తల తిరగడం పైలట్ పనికి అనర్హత ఏమీ కాదు, తమ్ముడి చెవి సరిగ్గా పనిచేస్తోందనడానికి రుజువు.

మరి కడుపు తిప్పకుండా జూమ్ ఎలా పెట్టాలి? మాకు అన్నిటికన్నా నచ్చింది ఈ భాగమే. చూపు మొత్తాన్ని పెద్దది చేయకుండా, మధ్యలో చిన్న గుండ్రటి కిటికీలో మాత్రమే పెద్దది చేసి చూపడం ఒక పద్ధతి. కాక్‌పిట్, మీటర్లు, కిటికీ చట్రం ఎక్కడివక్కడే ఉంటాయి. మెదడుకు పట్టుకోవడానికి కదలని ఆధారం ఒకటి దొరుకుతుంది. డీసీఎస్ వరల్డ్ అనే యుద్ధ విమానాల సిమ్యులేటర్‌లో వర్చువల్ రియాలిటీ కోసం మామూలు జూమ్, దుర్బీను తరహా జూమ్ అని రెండు వేర్వేరు బటన్లు ఉన్నాయి. చూపు అంచులను మెల్లగా నల్లబరిస్తే వికారం తగ్గుతుందని 2016లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఇక బటన్ నొక్కి ఉంచినంతసేపే జూమ్ ఉండాలి, వదలగానే పోవాలి. తల వణుకు కూడా మూడింతలవుతుంది కాబట్టి కిటికీలోని బొమ్మను కొంచెం నిదానంగా కదిలించాలి. ఆ కిటికీలో బయటి ప్రపంచాన్నే గీయాలి. దగ్గరున్న వస్తువులను రెండు కళ్ళకూ మూడింతలు చేస్తే అవి రెండుగా చీలి కనబడతాయి.

ఇక్కడ ఒక అనుమానం వచ్చింది. తెర మీద ఉన్న పిక్సెల్స్ అవే కదా, పెద్దది చేస్తే కొత్తగా ఏం కనబడుతుంది? నిజమే. ఇప్పటికే గీసిన బొమ్మను సాగదీస్తే, దినపత్రికలోని ఫొటోను భూతద్దంతో చూసినట్టు చుక్కలే పెద్దవవుతాయి. అందుకని కంప్యూటర్ ఆ కిటికీ కోసం దృశ్యాన్ని ఇంకోసారి, ఇరుకైన కోణంతో, కొత్తగా గీయాలి. రెక్కలు, తోక, దీపాలు అన్నీ కంప్యూటర్ జ్ఞాపకంలో ఉన్నాయి, చోటు చాలకే కనబడలేదు. అయితే ఈ పని ఊరికే రాదు. సెకనుకు 90 బొమ్మలు గీసే హెడ్‌సెట్‌లో ఒక్కో బొమ్మకు దొరికే సమయం 11 మిల్లీసెకన్లు. అందులోనే రెండు కళ్ళకూ గీయాలి, పైగా ఇప్పుడు కిటికీ ఒకటి. గడువు దాటితే బొమ్మ కుదుపుతుంది, మళ్ళీ నల్లా దగ్గరికే.

"జూమ్ ఎందుకు? తల ముందుకు చాచి చూడొచ్చు కదా" అని ఎనిమిదో తరగతి వాళ్ళు అడిగారు. మంచి ప్రశ్న. 70 సెంటీమీటర్ల దూరంలోని మీటరు చదవాలంటే 35 సెంటీమీటర్లు ముందుకు వంగితే చాలు, రెండింతలవుతుంది. 5 కిలోమీటర్ల దూరంలోని రన్‌వే కోసం ఎంత వంగితే ఏం లాభం?

నిజమైన పైలట్ కళ్ళకు జూమ్ ఉంటుందా, ఇది మోసం కదా అనేవాళ్ళూ ఉన్నారు. మేము ఒప్పుకోం. 20 పిక్సెల్స్ హెడ్‌సెట్‌లో మూడింతల జూమ్ అంటే 6/18ని మళ్ళీ 6/6 చేయడమే. అది కళ్ళజోడు లాంటిది. మూడు దాటితే మాత్రం దుర్బీను అనొచ్చు. కళ్ళజోడు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ప్రయాణికుల విమానాల పైలట్లకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన ప్రమాణం, ఒక్కో కంటికి కనీసం 6/9, రెండూ కలిపి 6/6. అదీ కళ్ళజోడుతోనైనా సరే. మన హాస్టల్‌లో అద్దాలున్నవాళ్ళు ఇది గమనించాలి.

అయితే ఒక జాగ్రత్త. నేలకు దిగే చివరి ఘట్టంలో జూమ్ వద్దు. రన్‌వే దగ్గరకు వచ్చేసినట్టు కనబడి ఎత్తు, దూరం అంచనా తప్పుతుంది. 2021లో ఐరోపా విమానయాన భద్రతా సంస్థ మొట్టమొదటిసారి ఒక వర్చువల్ రియాలిటీ హెలికాప్టర్ సిమ్యులేటర్‌ను శిక్షణకు ఆమోదించింది. నిజంగా ఎగరబోయేవాళ్ళు వీటి మీద నేర్చుకుంటున్నప్పుడు కంటికి తప్పుడు దూరం అలవాటు కాకూడదు కదా.

మొన్న దీపావళి తర్వాత అన్న మళ్ళీ వచ్చారు. ఈసారి గుండ్రటి కిటికీ జూమ్‌ను ఒక బటన్‌కు అమర్చి పెట్టారు. తమ్ముడు ముందు వద్దన్నాడు, తర్వాత కూర్చున్నాడు. రన్‌వే వైపు తిరిగాక బటన్ నొక్కి పట్టుకుని, "నాలుగు దీపాలు కనిపిస్తున్నాయి అన్నా! మూడు ఎరుపు, ఒకటి తెలుపు" అని అరిచాడు. రెండు ఎరుపు, రెండు తెలుపు ఉంటే సరైన దారి. మూడు ఎరుపు అంటే కాస్త కిందికి వచ్చేశాడన్నమాట. బటన్ వదిలి, ఇంజన్ వేగం పెంచి, విమానాన్ని పైకి లేపాడు. మరీ ఎక్కువ లేపాడు. రన్‌వే సగం దాటాక చక్రాలు ఆనాయి, విమానం చివరన గడ్డిలోకి పోయి ఆగింది. ఆ మధ్యాహ్నం మాత్రం కోడికూర రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.