అస్త్రధర్మము – ఆత్మహనన విచారము

శ్రీకాళహస్తి క్షేత్రమున ప్రసిద్ధుడైన తిన్నడు, అనగా కన్నప్ప, పూర్వజన్మమున అర్జునుడని ఒక సంప్రదాయము కలదు. కిరాతరూపుడైన శివునివలన పాశుపతమును పడసినవాడే మరుజన్మమున తానే కిరాతుడై శివుని కొలిచెనని దాని తాత్పర్యము. ఇందుండి ఒక ధర్మసంశయము పుట్టుచున్నది. దేవతలే అస్త్రముల నొసగు లోకమున, దేహమునేగాక జీవునిసైతము నశింపజేయు అస్త్రముండునా? ఉన్నచో దాని ప్రయోగము ధర్మ్యమగునా?

పూర్వపక్షి యిట్లనును: ఆత్మ నిత్యము, శస్త్రము దానిని ఛేదింపజాలదని గీత ద్వితీయాధ్యాయము చెప్పుచున్నది. అస్త్రమేదైనను దేహమునే హరించును. కావున అస్త్రములయందు ధర్మతారతమ్యము లేదు.

ఈ వాదమున ఆత్మ నిత్యమను అంశము గ్రాహ్యము. తారతమ్యము లేదనుట అగ్రాహ్యము. పాశుపతమును తొందరపడి మనుష్యునిపై విడువరాదనియు, అల్పతేజునిపై పడినచో జగత్తునే దహించుననియు ఇచ్చిన శివుడే వనపర్వమున నియమించెను. అర్జునుడు దివ్యాస్త్రములను అన్నకు చూపబోయినపుడు నారదుడు వారించి, లక్ష్యము లేనిదే ప్రయోగింపరాదనియు, లక్ష్యమున్నను ఆపద లేనిదే ప్రయోగింపరాదనియు బోధించెను. అస్త్రవిద్య నెఱుగనివారిని బ్రహ్మాస్త్రముతో దహించుట అధర్మమని ద్రోణపర్వమున ఋషులు ద్రోణునే నిందించిరి.

ఈ విచారమునకు పరాకాష్ఠ సౌప్తికపర్వము. అశ్వత్థామ బ్రహ్మశిరోస్త్రమును విడువగా, అర్జునుడు దాని శమనార్థమై తానును విడిచెను. విడుచునపుడు ముందుగా ఆచార్యపుత్రునికే శుభము కోరెను. నారదవ్యాసులు నడుమ నిలువగానే ఉపసంహరించెను. అశ్వత్థామకు ఆ శక్తి లేకపోయెను. అస్త్రము పాండవస్త్రీల గర్భములపైకి మరలెను. గర్భస్థశిశువు ఆయుధము పట్టలేదు, అపరాధము చేయలేదు. వంశము తెగినచో పితరులకు పిండోదకములు లుప్తమగును. జీవుడు నశింపకున్నను, అతనికి పుట్టుకను, అతని పితరులకు సద్గతిని అడ్డు ప్రయత్నమిది. ఆత్మనాశమునకు భారతమున కానవచ్చు అత్యంతసమీపస్థితి యిదియే. కృష్ణుడు ఆ శిశువును బ్రదికించి, ప్రయోక్తకు 3000 సంవత్సరములు తోడులేని సంచారమును శాపముగ విధించెను. అతనికి విధింపబడినది మరణము కాదు, జీవనమే.

ఈశావాస్యోపనిషత్తు మూడవ మంత్రమున “ఆత్మహనులు” అను మాట కలదు. స్వస్వరూపము నెఱుగని అవిద్వాంసులే ఆత్మఘాతకులని శంకరభగవత్పాదుల వ్యాఖ్యానము. కావున ఆత్మహననము పరులయందు సంభవింపదు, హంతయందే సంభవించును. పరుని సర్వస్వమును తుడిచివేయ సంకల్పించినవాడు తన్నే కోల్పోవును.

ఇందువలన తేలిన సిద్ధాంతము: అధికారము, తగిన లక్ష్యము, ఆపద, ఉపసంహారశక్తి అను నాలుగును కూడిననే దివ్యాస్త్రము ధర్మ్యము. వీనిలో కడపటిదే ప్రధానము. అది చిత్తనిగ్రహము లేనివానికి దక్కదు.

పైన చెప్పిన సంప్రదాయము ఈ సిద్ధాంతమునకు అనుగుణముగనే యున్నది. మొదటి జన్మమున శివునిపై బాణములు గురిపించిన చేయి, రెండవ జన్మమున శివుని కంట నెత్తురు చూచి, బాణమును తన కంటికే గురిచేసికొన్నది.