సీసీ రోడ్డు జాయింట్ దగ్గర బరువు ఎటు పోతుంది?

సీసీ రోడ్డు పగిలితే సిమెంటు తక్కువ వేశారని అనేస్తాం. కావచ్చు. కానీ పగుళ్లు చాలాసార్లు జాయింట్ల దగ్గర, మూలల్లోనే ఎందుకు మొదలవుతాయి? ఈ ఎపిసోడ్‌లో అది చూద్దాం.

లారీ చక్రం పలక అంచు మీదికి రాగానే ఆ అంచు కిందికి దిగుతుంది. పక్క పలక కూడా భుజం పడితే బరువు పంచుకుంటాయి. చక్రం ఉన్న అంచు 0.5 మి.మీ. దిగి, పక్కది 0.4 మి.మీ. దిగిందనుకోండి. ఆ జాయింట్ సామర్థ్యం 80 శాతం. పక్కది అసలు కదల్లేదంటే, మొత్తం బరువు ఒక్క పలకే మోస్తోందన్నమాట.

బరువును దాటించేవి రెండు. ఒకటి, జాయింట్ కోత కింద ఏర్పడే పగులులో ఒకదాన్నొకటి పట్టుకునే కంకర రాళ్లు. రెండు, డోవెల్ బార్లు, అంటే జాయింట్‌కు అడ్డంగా పెట్టే నున్నటి ఉక్కు కడ్డీలు.

1926లో వెస్టర్‌గార్డ్ పలక మధ్యలో, అంచున, మూలన ఎంత ఒత్తిడి వస్తుందో లెక్క కట్టాడు. అందులో పక్క పలక సాయం లేదు. కంప్యూటర్ మోడల్ ఆ సాయాన్నీ కలుపుతుంది. పలకను చిన్న గడులుగా విడగొట్టి, కింద నేలకు బదులు స్ప్రింగులు, జాయింట్‌లోనూ స్ప్రింగులు పెడతాం. మరి జాయింట్ స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలి? చిక్కంతా అక్కడే.

అనంతపురం సంగతే తీసుకోండి. ఏడాదికి 550 మి.మీ. అటూ ఇటూ వాన, పగలు మండే ఎండ. 4.5 మీటర్ల పలక 20 డిగ్రీలు చల్లబడితే దాదాపు 0.9 మి.మీ. కుంచించుకుంటుంది. జాయింట్ అంత మేర తెరుచుకుంటే కంకర పట్టు బాగా సడలుతుంది. నీళ్ల కరువుతో క్యూరింగ్ సరిగా జరక్కపోతే కాంక్రీటు ఎండి ఇంకా కుంచించుకుంటుంది. పైగా రాత్రిపూట పలక పైభాగం ముందు చల్లబడి అంచులు పైకి లేస్తాయి, కింద ఆధారం తగ్గుతుంది.

అందుకే మధ్యాహ్నం వేడికి బిగుసుకున్న జాయింట్‌తో లెక్క వేస్తే రోడ్డు భేషుగ్గా కనిపిస్తుంది. అదే రోడ్డు మీద చలికాలం తెల్లవారుజామున సిమెంటు లారీ వెళ్తే లెక్క మారిపోతుంది. మోడల్‌ను రెండు వేళలకూ నడపాలి, డిజైన్‌కు చెడ్డ ఫలితాన్నే తీసుకోవాలి.

పెద్ద లారీలు తిరిగే మందపాటి రోడ్డయితే కంకర మీదే భరోసా పెట్టుకోకుండా డోవెల్ బార్లు పెట్టాలి, అవీ వంకర లేకుండా. పలుచటి ఊరి రోడ్డయితే పలకల పొడవు తగ్గించాలి, కోత వేళకు వేయాలి, క్యూరింగ్‌కు నీళ్లు ముందే చూసుకోవాలి. మీ ఊళ్లో రోడ్డు పడుతుంటే ఈ మూడూ అడగండి. మళ్లీ కలుద్దాం.