90 మీటర్ల కోయాక్సియల్ కేబుల్ ఎక్కడ తెగింది? తవ్వకుండా మల్టీమీటర్‌తో కనిపెట్టండిలా!

మార్చిలో ఒక రాత్రి తుళ్లూరులో మా బాబాయి మిర్చి కల్లం దగ్గరున్న సీసీ కెమెరా ఆగిపోయింది. ఇంట్లో టీవీ మీద ‘వీడియో లాస్’ అని మాత్రమే వస్తోంది. కల్లంలో కాయ ఆరబోసి ఉంది. కెమెరా లేకపోతే బాబాయి మంచం తీసుకెళ్లి రాత్రంతా అక్కడే కాపలా పడుకోవాలి. టెక్నీషియన్ వచ్చి చూసి, "కేబుల్ పోయింది, మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. అది 90 మీటర్ల ఆర్‌జీ6 కేబుల్, సగానికి పైగా గట్టు వెంట నేలలో పూడ్చి ఉంది. వీకెండ్‌కి ఊరెళ్లిన నా దగ్గర ఉన్నది కెపాసిటెన్స్ మోడ్ ఉన్న మామూలు మల్టీమీటర్ ఒక్కటే. అది సరిపోయింది. ఎలాగో చూద్దాం.

ముందుగా ఒక చిన్న క్లూ. రాత్రిపూట కెమెరా ఎల్‌ఈడీలు ఎర్రగా వెలుగుతున్నాయి. దానికి కరెంటు అక్కడి మోటారు షెడ్డు నుంచే వస్తుంది. అంటే పవర్ బాగానే ఉంది, అనుమానం కేబుల్ మీదే.

75 ఓమ్‌ల కేబుల్ కదా, మీటర్ 75 చూపించదా?

చూపించదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ 75 అనేది హై ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌కి కేబుల్ చూపించే ఇంపెడెన్స్. మల్టీమీటర్ కొలిచేది డీసీ రెసిస్టెన్స్. రెండూ వేరు.

ఒకవేళ మీటర్‌లో 75 దరిదాపుల్లో వచ్చిందంటే అవతలి కొస ఇంకా డీవీఆర్‌కే ఉందేమో చూసుకోండి. చాలా డీవీఆర్‌ల ఇన్‌పుట్‌లో 75 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. అందుకే రెండు కొసలూ విప్పాకే టెస్ట్ మొదలుపెట్టాలి. డిష్ కేబుల్ అయితే ఇది మరీ ముఖ్యం. సెట్‌టాప్ బాక్స్ ఆ కేబుల్‌లోకి 13 లేదా 18 వోల్టులు పంపుతుంది, ఓమ్స్ మోడ్‌లో పెడితే మీటర్‌కే దెబ్బ.

టెస్ట్ 1: షార్ట్ ఉందా?

అవతలి కొస ఖాళీగా వదిలేసి, ఇవతల ఒక ప్రోబ్ మధ్య తీగకి, ఇంకోటి షీల్డ్‌కి పెట్టండి. ‘ఓఎల్’ రావాలి. బీప్ వస్తే లోపల రెండూ తగులుకున్నట్టే. మాకు ఓఎల్ వచ్చింది. షార్ట్ లేదు.

టెస్ట్ 2: తెగిందా?

అవతలి కొసలో మధ్య తీగనీ షీల్డ్‌నీ క్రొకడైల్ క్లిప్‌తో కలిపేసి, ఇవతల మళ్లీ కొలవండి. 100 మీటర్ల ఆర్‌జీ6లో మధ్య తీగ పూర్తి రాగిదైతే సుమారు 2 ఓమ్‌లు, రాగి పూత వేసిన స్టీల్‌దైతే సుమారు 9 ఓమ్‌లు వస్తుంది. దీనికి షీల్డ్ రెసిస్టెన్స్ కొంచెం కలుస్తుంది. మాకు ఇక్కడా ఓఎల్ వచ్చింది. అంటే ఎక్కడో తెగింది.

టెస్ట్ 3: ఎక్కడ తెగింది?

అసలు మజా ఇక్కడుంది. మధ్యలో తీగ, చుట్టూ ఫోమ్, దానిమీద షీల్డ్. రెండు లోహాల మధ్య ఇన్సులేటర్ ఉంటే అది కెపాసిటరే కదా! ఫోమ్ ఆర్‌జీ6 మీటరుకి సుమారు 53 పికోఫారడ్‌లు ఉంటుంది. పొడవు ఎంతుంటే కెపాసిటెన్స్ అంత. తెగిన చోటు దాకా ఉన్న ముక్కనే మీటర్ కొలుస్తుంది.

క్లిప్ తీసేసి, రెండు కొసల నుంచీ కొలిచాను. ఇంటి వైపు 3.29 నానోఫారడ్‌లు, కల్లం వైపు 1.48. మొత్తం 4.77. ఇంటి వైపు వాటా 69 శాతం, అంటే 90 మీటర్లలో 62వ మీటరు దగ్గర. ఇలా నిష్పత్తి కడితే కేబుల్ ఏ రకమో తెలియకపోయినా పర్లేదు. కొలిచేటప్పుడు ప్రోబుల మొనలు వేళ్లతో పట్టుకోకండి, రీడింగ్ మారిపోతుంది. ఖాళీ ప్రోబులే చూపించే విలువ ఉంటే దాన్ని తీసేయండి.

మీ కేబుల్‌లో షార్ట్ ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు రెండు కొసల నుంచీ రెసిస్టెన్స్ కొలిచి ఇదే లెక్క కట్టాలి. సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుళ్లు తెగితే 19వ శతాబ్దపు ఇంజనీర్లు ఒడ్డున కూర్చుని చోటు పట్టింది కూడా ఇలాంటి కొలతలతోనే.

తవ్వితే ఏం కనిపించింది?

టేపుతో 62 మీటర్లు కొలిచి, అటూఇటూ ఒక గజం తవ్వాం. నల్లరేగడి నేల ఎండకి నెర్రెలు బారింది. నేల రెండుగా విచ్చుకుంటూ కేబుల్‌ని సాగదీసింది. పైన తొడుగు బాగానే ఉంది కానీ లోపల తీగ తెగిపోయింది. ఆ ముక్క కోసేసి, రెండు ఎఫ్ కనెక్టర్లు, ఒక జాయినర్ వేసి, వాటర్‌ప్రూఫ్ టేప్ చుట్టాం. ఈసారి కొంచెం వదులుగా, పైపులో పెట్టి పూడ్చాం.

ఒక్కటి గుర్తుంచుకోండి. అన్ని టెస్టులూ పాసైనంత మాత్రాన కేబుల్ మంచిదని కాదు. తేమ పట్టిన ఫోమ్, సరిగ్గా బిగించని కనెక్టర్ సిగ్నల్‌ని పాడుచేసినా మల్టీమీటర్‌కి దొరక్కపోవచ్చు. దానికి టీడీఆర్ అనే ఖరీదైన పరికరం కావాలి. కానీ తెగడం, షార్ట్ అవడం లాంటి వాటికి మీ మీటర్ చాలు. ఎవరైనా "మొత్తం మార్చాలి" అంటే, ముందు రెండు కొసలూ విప్పి ఒకసారి కొలిచి చూడండి.

ఆ రాత్రి బాబాయి ఇంట్లోనే పడుకున్నాడు.