'జ్ఞా' దగ్గర ఆగిన యంత్రం

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచ వార్త అయింది. ఐ.ఓ.ఎస్. 11.2.5 సాఫ్టువేరుతో నడుస్తున్న ఐఫోనుకు 'జ్ఞా' ఉన్న సందేశం వస్తే, ఆ సందేశాన్ని చూపవలసిన కార్యక్రమం కుప్పకూలేది. ఒక్కొక్కసారి ఫోనే మూర్ఛపోయేది. జ్ఞానానికి తొలి అక్షరమే యంత్రానికి గండమైందని చాలామంది నవ్వుకున్నారు. నవ్వి ఊరుకోవలసిన విషయం కాదని నా అభిప్రాయం.

పత్రికలు రాసినంత సులువుగా మామూలు 'జ్ఞా' ఆ పని చేయలేదు. జ, పొల్లు, ఞ, ఆపైన కంటికి కనబడని ఒక విడదీసే సంకేతం, చివర దీర్ఘం: ఈ అయిదూ అదే వరుసలో పడితేనే ప్రమాదం. ఆ కనబడని సంకేతం పనికిరానిదేమీ కాదు. ఇంగ్లీషు మాటల చివరి పొల్లు తరువాతి అక్షరానికి ఒత్తు తగిలించకుండా ఆపేది అదే. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇటువంటి కొన్ని వరుసలకు ఇదే గతి పట్టింది. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి లోపం సవరించారు. విశేషమేమంటే, అప్పటికే పరీక్షలో ఉన్న 11.3 ప్రయోగప్రతిలో ఈ లోపం లేదు. మందు గదిలో ఉండగానే రోగం ఊరిమీద తిరిగిందన్నమాట.

ప్రయోగశాలలో కూర్చున్నవాడు తనకు తెలిసిన తప్పులనే వెతుకుతాడు. తెలియని తప్పు, ఆ లిపిలో రోజూ బతికే మనిషి చేతిలోనే బయటపడుతుంది. అచ్చాఫీసులతో పరిచయమున్నవారికి ఇది కొత్త కాదు. గాలీ ప్రూఫులో నిక్షేపంగా కనిపించిన ఒత్తు, ఫారం యంత్రమెక్కాక విరిగి కనిపించేది.

మా డెల్టా రైతుకు ఇంకా బాగా తెలుసు. మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైన స్వర్ణను, అంటే ఎం.టి.యు. 7029ను, ఎరగని రైతు ఇక్కడ లేడు. పరిశోధన క్షేత్రంలో నెగ్గిన వంగడమైనా నేరుగా విడుదల కాదు. మినీకిట్ల పేరుతో చిన్న సంచుల్లో రైతుల పొలాలకు పోతుంది. అక్కడి నీరు, అక్కడి ముంపు, అక్కడి దోమపోటు దాన్ని పరీక్షిస్తాయి. అయితే రైతు ఒక మడిలోనే వేస్తాడు. పంట పోతే మడి పోతుంది గాని కమతం పోదు.

సాఫ్టువేరులో ఈ మడి పద్ధతిని నడుస్తున్న సర్వరు మీదే పాటిస్తున్నది వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా మీడియావికీ అనే సాఫ్టువేరు మీదే నడుస్తుంది. మామూలు వారాల్లో దాని కొత్త కూర్పు మంగళవారం పరీక్షా వికీలకు, బుధవారం విక్షనరీ, వికీసోర్సు వంటి సోదర ప్రాజెక్టులకూ, కాటలాన్, హీబ్రూ వంటి కొన్ని వికీపీడియాలకూ, గురువారం తక్కిన వికీపీడియాలన్నిటికీ చేరుతుంది. మధ్యలో తప్పులు పెరిగితే బండి ఆపి, పాత కూర్పుకు మళ్ళిస్తారు. ఈ లెక్కన మన పాత పుస్తకాలను అక్షరం అక్షరం ఎక్కిస్తున్న తెలుగు వికీసోర్సు వారు, ఇంగ్లీషు వికీపీడియా కన్న ఒకరోజు ముందే పరీక్షకులు!

జీతం లేని కార్యకర్తలను పరీక్షా జంతువులుగా వాడుకోవడం కాదా ఇది అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. ప్రశ్న న్యాయమైనదే. ముందుగా చెప్పకుండా, వెనక్కి వెళ్ళే దారి లేకుండా, ఫిర్యాదు వినే నాథుడు లేకుండా మార్పును నెత్తిన రుద్దితే అది దోపిడీయే. ఇక్కడ వారం వారం వచ్చే మార్పుల పట్టిక బహిరంగంగా ఉంటుంది. ఫిర్యాదూ దాని మీద జరిగిన చర్చా ఎవరైనా చదవవచ్చు. కాని ఆ చర్చ దాదాపు అంతా ఇంగ్లీషులోనే సాగుతుంది. తెలుగు తప్ప మరొకటి రాని పండితుడు తన పేజీలో ఒత్తు జారిపోవడం చూసి కూడా నోరు మెదపలేడు. నా దృష్టిలో అసలు లోటు ఇదే. ప్రతి భాషలోనూ ఫిర్యాదును అందుకుని ఇంగ్లీషులో చేరవేసే మనిషి ఒకరుండాలి.

నా మటుకు నేను కొత్త కూర్పు వచ్చినప్పుడు కొన్ని మాటలు కొట్టి చూస్తాను: జ్ఞానం, వాఙ్మయం, రాష్ట్రం, లక్ష్మి, కార్త్స్న్యం. తరువాత ఒక్కొక్క గుర్తూ వెనకనుంచి చెరుపుతాను. దీర్ఘం ఒక్కటే పోవలసిన చోట అక్షరమంతా ఎగిరిపోతే, ఆ వరుసను ఉన్నదున్నట్టు రాసి పంపుతాను.